నీడలో వెలిగే ఎర్రలైటు

బోర్డు మీద లైట్లు నిలబెట్టే పనికి కొత్తగా వచ్చేవాళ్లు మొదట అడిగేది, రోజుకు ఎన్ని బిగించాలి అని. నేనూ అదే అడిగాను. అనంతపురం ఊరి చివర రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న కంపెనీలో ఇరవై మూడేళ్లు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు టేబుల్ ముందు కూర్చుని నేనే బిగించాను. మిగతా కాలం బిగించేవాళ్ల పని చూసుకున్నాను. రోజుకు మూడు వందలు, ఏడాదికి రెండు వందల ఎనభై పనిదినాలు అనుకుంటే తొమ్మిదేళ్లకు ఏడు లక్షల యాభై ఆరు వేల లైట్లు. చూపు మందగించి, పోయినేడు మానేశాను.

నేను చదివింది పదో తరగతి వరకే. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఏదైనా భయం వేసినప్పుడు దాన్ని అంకెల్లో పెట్టుకుంటే కొంచెం చిన్నదవుతుందని చిన్నప్పుడే కనిపెట్టాను. వాన ఎన్ని రోజులు రాకపోతే వేరుశనగ చేను ఎంత ఎండుతుందో గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాణ్ని. ఆ అలవాటే ఉద్యోగంలో నాకు పేరు తెచ్చింది. నా చేత ఒక పెద్ద తప్పు చేయించింది కూడా అదే. ఈ కాగితాలు ఎక్కువగా ఆ తప్పు గురించే.

ఎవరు ఎప్పుడు ఏ పదవికి ఎదిగారో, ఏ ఫారం ఎలా నింపాలో ఇందులో లేదు. అవి చెప్పేవాళ్లు మీకు కంపెనీలోనే దొరుకుతారు.

కాళ్లు, ఎత్తు, వేడి

మేము చేసింది బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెల్లో ఉండే బోర్డు. దాని మీద బటానీ గింజంత ఎల్ఈడీ లైట్లు మూడు ఉంటాయి. ఎర్రది వెలిగితే పెట్టె దాకా కరెంటు వచ్చిందని అర్థం. పచ్చది వెలిగితే మోటార్ తిరుగుతోందని. పసుపుది వెలిగితే బోరులో నీళ్లు లేవు, మోటార్ ఆపేశాం అని.

ఒక్కో లైటుకు రెండు కాళ్లు. పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. కాళ్లు కత్తిరించాక తేడా తెలియదు కాబట్టి లైటు అంచున ఒక పక్క చదునుగా చెక్కి ఉంటుంది. అది మైనస్ వైపు. లైటు తల బోర్డు నుంచి సరిగ్గా తొమ్మిది మిల్లీమీటర్ల ఎత్తులో నిలవాలి. అంతకంటే తక్కువైతే మూత రంధ్రంలోంచి బయటికి కనపడదు. ఎక్కువైతే మూత బిగించేటప్పుడు తల నొక్కుకుపోతుంది. కాలికి అతుకు పెట్టేటప్పుడు కాగే సోల్డరింగ్ ఐరన్ మూడు సెకన్లకు మించి ఆనకూడదు. పని మొత్తం ఇంతే. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.

ఇవన్నీ నాకు నేర్పింది సలోమక్క. నేను చేరేనాటికే ఆమెకు ఆ టేబుల్ మీద ఆరేళ్ల అనుభవం. చర్చి పాటలు సన్నగా పాడుకుంటూ పనిచేసేది. పాట ఆగిందంటే ఎవరో తప్పు చేస్తున్నారని అర్థం. మొదటి వారంలోనే నేను ఒక పొరపాటు చేశాను. కొన్ని లైట్ల తల గాజులా తెల్లగా ఉంటుంది, వెలిగేదాకా రంగు తెలియదు. అలాంటి ఎర్రవీ పచ్చవీ రెండు డబ్బాలు ఒకే గిన్నెలో పోసుకున్నాను. అరవై బోర్డులు తారుమారయ్యాయి. కరెంటు ఇచ్చి చూసేచోట అరవైకి అరవై దొరికిపోయాయి. నేను తల దించుకుని కూర్చుంటే సలోమక్క అంది, "దీనికేమి ఏడుస్తాండావప్పా. వెలిగి పట్టిచ్చినాయి కదా. వెలిగి పట్టియ్యకుండా పోయేదానికి ఏడువు."

ఆ మాట నేను అప్పుడు సగమే విన్నాను.

ఎర్రలైటును ఎవరు చూస్తారు

టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకు తాము బిగించే వస్తువును ఎవరు, ఎక్కడ నిలబడి చూస్తారో తెలియదు. నాకూ చాలా ఏళ్లు తెలియలేదు. మా కంపెనీ యజమాని శెట్టిగారు హార్డ్‌వేర్ అంగడి నడిపిన ఇంట్లోంచి వచ్చిన మనిషి. సరుకు కొన్నవాడి ఇంటికి ఏడాదికి ఒకసారైనా పోవాలనేవారు. ఆ మాట మాత్రం ఆయన దగ్గర నేర్చుకోదగ్గది. ఒకసారి నన్ను కంబదూరు వైపు తీసుకుపోయారు.

అక్కడ చూశాను. కరెంటు వచ్చే వేళకూ పోయే వేళకూ లెక్క లేదు. రైతు పెట్టె దగ్గర కాచుకుని కూర్చోడు. చేనికి ఆ చివర కలుపు తీస్తూ మధ్యమధ్యలో తలెత్తి రేకు కొట్టం వైపు చూస్తాడు. ఎర్రచుక్క కనిపిస్తే కరెంటు ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. పెట్టెలో చీమలు పుట్ట పెట్టినా, తీగ వదులైనా, బల్లి దూరినా, ఎర్రలైటు ఆరిన వేళ చూసుకుని మూత తీస్తాడు. స్తంభం దగ్గర కరెంటు ఆపే మెయిన్ హ్యాండిల్ దించి రావాలంటే చాలా దూరం. కొన్నిచోట్ల హ్యాండిల్ తుప్పు పట్టి కదలదు. కాబట్టి అందరూ లైటునే నమ్ముతారు. వట్టి చేతులే లోపల పెడతారు.

ఇది తెలిశాక నాకు మిగతా రెండు లైట్ల మీద అంత పట్టింపు లేకుండా పోయింది. పచ్చది తప్పు చెబితే పైరుకు ఒక తడి నీళ్లు తప్పుతాయి. పసుపుది తప్పు చెబితే మోటార్ కాలుతుంది. ఎర్రది కరెంటు లేనప్పుడు వెలిగినా పర్వాలేదు. కరెంటు ఉండగా ఆరితేనే మనిషి పోతాడు.

బొటనవేలి పని

నేను ఆ పెద్ద తప్పు చేసిన ఏడు, ఎండాకాలానికి ముందు, మూడు వందల పెట్టెలకు ఒకేసారి ఆర్డర్ వచ్చింది. కొత్త పెట్టె, కొత్త మూత. మూత మీద రంధ్రాలు ఇదివరకటికంటే ఇరుకు. తొమ్మిది మిల్లీమీటర్ల కాళ్ల మీద నిలబడే లైటు, అతుకు పెట్టేటప్పుడు కొంచెం అటో ఇటో వాలుతుంది. పాత మూతకు అది సరిపోయేది. కొత్త మూతకు సరిపోలేదు. శెట్టిగారు ఒక పెట్టె చేతిలోకి తీసుకుని చూసి నా వైపు తిరిగారు.

"ఏమప్పా గోపాలూ, ఒకడు రాయదుర్గం దిక్కు చూస్తాండాడు, ఒకడు కదిరి దిక్కు చూస్తాండాడు. నడుమ వానికి మెడ పట్టేసినట్లుండాది. ఇట్లాంటివి అంగట్లో పెడ్తే ఎవరు కొంటారు?"

లెక్క వేశాను. వందలో ముప్పై ఒకటి వాలుతున్నాయి.

సలోమక్కకు దీనికి ఒక పద్ధతి ఉండేది. వడ్రంగి చేత చేయించుకున్న చెక్క పట్టీ, దానికి వరుసగా రంధ్రాలు. లైట్ల తలలు ఆ రంధ్రాల్లో ఇమిడేలా బోర్డును బోర్లించి, అప్పుడు అతుకు పెట్టి, పూర్తిగా చల్లారేదాకా అలాగే వదిలేసేది. ఒక్కటి కూడా వాలేది కాదు. కానీ పని రెండింతలు ఆలస్యం. ఆర్డర్‌కు మిగిలింది మూడు రోజులు. ఆ పద్ధతిలో ఐదున్నర రోజులు పడుతుందని కాగితం మీద చూపించాను.

నేను ఇంకో పద్ధతి కనిపెట్టాను. అతుకు అయిపోయాక, వాలిన లైటు కాలికి కింద నుంచి మళ్లీ ఐరన్ ఆనించాలి. అతుకు వేసిన సోల్డర్ లోహం మెత్తబడగానే పైనుంచి బొటనవేలితో తలను ఒత్తి నిటారుగా నిలబెట్టాలి. గట్టిపడేదాకా వేలు తీయకూడదు. ఒక్కోదానికి ఆరు సెకన్లు. వాలినవి వందలో రెండుకు దిగాయి. మూడు వందల బోర్డులూ చివరికి నా దగ్గరికే వచ్చేవి. నేనే ఒత్తి పంపేవాణ్ని. ఎర్రలైటు బోర్డు అంచున ఉంటుంది కాబట్టి ఎక్కువగా అదే వాలేది.

రెండో రోజు సలోమక్క పాట ఆగింది.

"కాలు కాల్తాండగా తల ఒత్తొద్దప్పా. లోపల యాడో పట్టు వదుల్తాది."

"ఎన్నిట్లో ఒకటి వదుల్తాదక్కా?"

"నాకేం తెలుసు లెక్క. చేతికి తెలుస్తాది."

"చేతికి తెలిసింది నేను యాడ రాసుకునేదక్కా?"

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె తల దించి పనిలో పడింది. ఆ వారం మళ్లీ పాట వినపడలేదు.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. అంకె చెప్పలేని మనిషికి విషయం తెలియదని అనుకోవద్దు. నేను అలాగే అనుకున్నాను. ఆమె చెప్పిందాన్ని పరీక్షించడానికి నాకు ఒక పూట చాలు. పరీక్షించలేదు. ఆమె దగ్గర అంకె లేదు, నా దగ్గర ఉంది అన్న ధైర్యం తప్ప వేరే కారణం లేదు.

మూడు వందల బోర్డులూ కరెంటు ఇచ్చి చూశాం. తొమ్మిది వందల లైట్లూ వెలిగాయి. రెండు వందల నలభై పెట్టెలు మూడు అంగళ్లకు వెళ్లాయి. అరవై గోదాములో మిగిలాయి. శెట్టిగారు నన్ను మెచ్చుకుని అందరి ముందూ భుజం తట్టారు.

నరసింహప్ప తెచ్చిన పెట్టె

ఎండలు ముదిరాక ఒక ఉదయం కంబదూరు దగ్గరి నుంచి నరసింహప్ప అనే రైతు పెట్టెను సంచిలో పెట్టుకుని నేరుగా షెడ్డుకే వచ్చాడు. అరవై దాటిన మనిషి. కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. సంచిలోంచి ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసి టేబుల్ మీద పెట్టాడు. దాని కొన కాలి నల్లబడి ఉంది.

"ఎర్రలైటు లేదు. కరెంటు లేదనుకుని లోపల పెట్టినా. ఎత్తి అవతల పారేసినాది నన్ను. చెక్కపిడి కాబట్టి మీ ముందర నిలబడి మాట్లాడ్తాండా."

శెట్టిగారు పెట్టెను టేబుల్ మీద పెట్టించి కరెంటు ఇప్పించారు. ఎర్రలైటు చక్కగా వెలిగింది.

"వెలుగుతాండాది కదప్పా."

"ఈడ వెలుగుతాండాది. ఆడ వెలగలేదు."

"అప్పుడు నిజంగానే కరెంటు పోయిందేమో. తర్వాత వచ్చింటాది. చూసుకోకుండా పెట్టింటావు."

నరసింహప్ప కోపం తెచ్చుకోలేదు. "పొద్దున వెలుగుతాది సామీ. మిట్టమధ్యాన్నానికి ఆరిపోతాది. సాయంత్రం మల్ల వెలుగుతాది. మూడు దినాల నుంచి చూస్తాండా. నాకు చదువు లేదు గానీ కండ్లు ఉండాయి."

శెట్టిగారు అతనికి టీ చెప్పి లోపలికి వెళ్లారు. వేరే బోర్డు వేసి పంపెయ్యమని నాకు సైగ చేశారు. నేను బోర్డు మార్చి పెట్టె చేతికిచ్చాను. నరసింహప్ప మాత్రం పాత బోర్డు సంగతి తేలేదాకా కదలనని బెంచీ మీద కూర్చున్నాడు.

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఆ మూడు మాటలు విన్నాక తేడా ఎండలోనే ఉందనిపించింది. పాత బోర్డుకు కరెంటు ఇచ్చి పెరట్లో ఎండలో రేకు మీద పెట్టి, పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నాను. పదకొండున్నరకు వెలుగుతోంది. పన్నెండుకు వెలుగుతోంది. పన్నెండూ ఇరవైకి ఎర్రలైటు ఆరిపోయింది. మినుకుమినుకుమనడం కూడా లేదు. మీటర్ పెట్టి చూస్తే దాని కాళ్ల దాకా కరెంటు వస్తూనే ఉంది. బోర్డును తీసి నీడలో పెట్టాను. నాలుగు నిమిషాలకు వెలిగింది.

లైటు లోపల వెంట్రుక కంటే సన్నని తీగ ఒకటి ఉంటుంది. కాలికీ, వెలిగే గింజకీ మధ్య అదే వంతెన. చుట్టూ గట్టిపడిన జిగురు ఉంటుంది. కాలు కాలుతున్నప్పుడు లోపలి జిగురు మెత్తబడుతుంది. అప్పుడు తల ఒత్తితే ఆ తీగ తెగుతుంది. తెగిన కొనలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కాబట్టి నీడలో వెలుగుతుంది. ఎండకు పెట్టె కాగి జిగురు ఉబ్బితే కొనలు విడిపోతాయి. మా పరీక్షంతా ఫ్యాను కింద, నీడలో జరిగేది.

నరసింహప్ప వచ్చి నా వెనక నిలబడి చూశాడు. "ఇప్పుడు తెలిసిందా" అని మాత్రం అన్నాడు.

పన్నెండు

గోదాములోని అరవై బోర్డులనూ రెండు రోజులు రేకు మీద ఎండబెట్టాను. మూడు ఆరాయి. ఇరవైకి ఒకటి. బయట ఉన్నవి రెండు వందల నలభై. అంటే పన్నెండు. ఆ అంకె రాసి శెట్టిగారి ముందు పెట్టాను. నరసింహప్పది పోతే పదకొండు మంది. ఏ పదకొండు మందో తెలియదు కాబట్టి అందరివీ మార్చాలి.

శెట్టిగారు కాగితం చదివారు. ఆయన చెడ్డమనిషి కాదు. సలోమక్క పట్టీ మీద చేసిన బోర్డులతో మార్చడానికి ఆ రోజే ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు.

"లైటు అబద్ధం చెప్తాదని మాత్రం యాడా అనొద్దు. కొత్త రకం బోర్డు వచ్చింది, ఊరికే వేసి ఇస్తాండాం అని చెప్పు. ఊరూరా తిరిగి మన తప్పు మనమే దండోరా వేసుకోవల్లనా?"

నేను ఒప్పుకున్నాను. ఈ ఒప్పుకోవడం నా రెండో తప్పు. అంగళ్ల వాళ్ల దగ్గర కొన్నవాళ్ల వారంటీ కార్డులు ఉన్నాయి. కొన్నిటి మీద ఫోన్ నంబర్లున్నాయి, ఎక్కువ వాటి మీద పేరూ ఊరే. ఫోన్ ఉన్నవాళ్లకైనా ఆ మొదటి రోజే "ఎర్రలైటును నమ్మొద్దు, తీగకు టెస్టర్ పెట్టి చూసుకోండి, అది వెలిగితే కరెంటు ఉన్నట్టే" అని చెప్పి ఉండాల్సింది. దానికి బదులు కొత్త రకం బోర్డు వచ్చిందన్నాను. తీరిక చూసుకుని రండి అన్నారు వాళ్లు.

కల్యాణదుర్గంలో మోటార్లు బాగుచేసే ఓబులేసును తోడు తీసుకుని అతని మోటార్‌సైకిల్ మీద తిరిగాను. అతను కంపెనీ మనిషి కాదు, షరతులు అతనికి పట్టవు. మొదటి ఊర్లోనే రైతుకు చెప్పేశాడు. "కొత్త రకమూ లేదు పాత రకమూ లేదు. ఈ ఎర్రలైటు దొంగది. ఇంగమీద టెస్టర్ లేకుండా మూత తీస్తే నీ ఖర్మ." నేను అడ్డు చెప్పలేదు. అతను చెబుతుంటే పక్కకు తిరిగి నిలబడేవాణ్ని. నోరు తెరిచి నేనే చెప్పడానికి మరో వారం పట్టింది.

తీసిన పాత బోర్డులను మర్నాడు షెడ్డు పెరట్లో ఎండబెట్టేవాణ్ని. ఒక్కో ఎర్రలైటు ఆరినప్పుడు నాకు కలిగింది బాధ కాదు. దొరికింది, ఇంకొకటి తగ్గింది అన్న నెమ్మది. ఐదు వారాలకు రెండు వందల తొమ్మిది బోర్డులు వెనక్కి వచ్చాయి. నరసింహప్పదానితో కలిపి ఆరినవి సరిగ్గా పన్నెండు.

శెట్టిగారు నా కాగితాన్నే నా ముందు పెట్టారు.

"నువ్వేసిన లెక్కే ఇది. పన్నెండు అంటివి. పన్నెండు దొరికినాయి. ఇంగ యాల తిరిగేది? ఈ సీజన్ అంతా నువ్వు రోడ్ల మీదే ఉండావు. చాలించప్పా."

పన్నెండు అనేది నేను లెక్కపెట్టిన అంకె కాదు, ఊహించిన అంకె. అరవైలో మూడు కాక రెండే ఆరి ఉంటే ఎనిమిది అని రాసేవాణ్ని. ఐదు ఆరి ఉంటే ఇరవై అని రాసేవాణ్ని. ఎన్నిటికి సిద్ధపడాలో చెప్పడానికే ఆ అంకె పనికొస్తుంది. ఎక్కడ ఆగాలో అది చెప్పదు. ఇది శెట్టిగారికి చెప్పాను. "అయితే ఆ పొద్దు ఎందుకు రాసిస్తివి?" అన్నారు. అది సరైన ప్రశ్నే. రాసేటప్పుడు నేను ఈ మాట పక్కన రాయలేదు. గట్టి అంకె ఇస్తే పని త్వరగా కదులుతుందని ఒట్టి పన్నెండు అని రాశాను.

ముప్పై ఒకటి

మిగిలిన ముప్పై ఒకటికి నేనూ ఓబులేసూ ఆదివారాల్లో తిరిగాం. మూడు ఆదివారాల్లో ముప్పై తెచ్చాం. ముప్పైనీ ఎండబెట్టాను. ఒక్కటి కూడా ఆరలేదు.

నిజం చెప్పాలంటే నాకు గర్వం వేసింది. రెండు వందల ముప్పై తొమ్మిది బోర్డులు, పన్నెండు చెడ్డవి. ఎవరి దగ్గరా నేర్చుకోని మనిషి వేసిన అంచనా ఒక్క బోర్డు కూడా అటూ ఇటూ కాలేదు. శెట్టిగారు కూడా అన్నారు, "నీ లెక్క ముందర కంప్యూటర్ దండగ."

మిగిలింది ఒకే ఒక పెట్టె. కార్డు ప్రకారం గుమ్మఘట్ట మండలంలో ఒక రైతుది. చివరి ఆదివారం పోయి చూస్తే రైతు ఇంట్లో లేడు, భార్య ఉంది. పెట్టె ఉండాల్సిన కొట్టంలో మేకలు కట్టేసి ఉన్నాయి.

"బోరు ఎండిపోయింది నాయనా. మోటారు, పైపులు, పెట్టె, అన్నీ కలిపి అమ్మేసినాం. అవతల పక్క తిప్పేస్వామి అని ఒకాయన తీసుకుపోయినాడు. ఆయనకు నీళ్లు పడినాయంట."

అవతల పక్క అంటే కర్ణాటక. ఊరి పేరు ఆమెకు సరిగా తెలియదు. గోడకు వేలాడుతున్న కేలండర్ మీద రాసిపెట్టుకున్న ఫోన్ నంబర్ చూపిస్తే చీటీ మీద ఎక్కించుకున్నాను.

ఆ చీటీ మూడు రోజులు నా చొక్కా జేబులోనే ఉంది. ఫోన్ చేయడానికి ఎంతసేపు పడుతుంది? చేయలేదు. పన్నెండూ దొరికాయి. ముప్పైలో ఒక్కటీ చెడ్డది లేదు. మిగిలిన ఒక్కటి చెడ్డదయ్యే అవకాశం ఎంత అని రెండుసార్లు లెక్క వేశాను. రెండుసార్లూ అంకె చిన్నగానే వచ్చింది. ఆ చిన్న అంకెను పక్కన పెట్టుకుని నిద్రపోయాను. అయినా జేబులోంచి చీటీ తీయడం, చూడడం, మళ్లీ పెట్టుకోవడం. నాకు తెలియకుండానే అది నలిగి మెత్తబడింది.

బుధవారం భోజనాల వేళ సలోమక్క క్యారియర్ మూత పెడుతూ అడిగింది.

"ఆ చీటీ ఏమన్నా జాతకమా? పొద్దున నుంచి ఎన్నిసార్లు చూస్తాండావు?"

చెప్పాను. ఒక్కటి మిగిలింది, పన్నెండూ దొరికాయి కదా అని ఆలోచిస్తున్నానని.

"పన్నెండే అని ఆ లైట్లకు చెప్పినావా నువ్వు?"

అంతే అంది. వెక్కిరింపుగా కూడా అనలేదు. నేను చేయి కడుక్కుని పెరట్లోకి వెళ్లాను. ఎండ నెత్తిన ఉంది. ఫోన్ ఐదారుసార్లు మోగాక ఎత్తారు.

"హేళి, ఎవరు?" అంది అవతలి గొంతు. హేళి అంటే కన్నడంలో చెప్పండి అని.

"తిప్పేస్వామేనా? నేను అనంతపురం నుంచి మాట్లాడ్తాండా, నీ స్టార్టర్ పెట్టె చేసినోళ్లం."

"చెప్పన్నా. తోటలో ఉండా."

"పెట్టె దగ్గరికి పో. ఎర్రలైటు వెలుగుతాండాదేమో చూసి చెప్పు."

చెప్పుల చప్పుడు వినిపించింది. చాలా దూరమే నడిచాడు. నేను అడుగులు లెక్కపెడుతూ నూట నలభై దగ్గర వదిలేశాను.

"లేదన్నా, వెలగలేదు. పొద్దున ఉండె. కరెంటు పోయినట్లుండాది. మంచిదే అయిందిలే, మూత తీస్తా, లోపల ఏమి చూడల్లనో చెప్పు."

"ఆగు. చెయ్యి పెట్టొద్దు. టెస్టర్ ఉండాదా నీ దగ్గర?"

అతను నవ్వాడు. "లైటే లేదంటే టెస్టర్ ఎందుకన్నా? ఈడ ఎవర్ని అడిగినా అదే చెప్తారు."

"ఉండాదా లేదా?"

"ఉండాది, ఉండాది. జేబులోనే ఉండాది. అరవద్దు."

నేను అరిచానని అప్పుడే నాకు తెలిసింది. మూత తీసి తీగకు టెస్టర్ ఆనించమన్నాను, పిడి మాత్రమే పట్టుకోమన్నాను. కాళ్లకు చెప్పులు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఫోన్ ఎక్కడో పెట్టినట్టు చప్పుడైంది. మూత మరలు తిరుగుతున్న కిర్రుమనే శబ్దం. తర్వాత ఏమీ వినపడలేదు. నా చేతి గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగి రెండో చుట్టులో పడింది.

"అన్నా."

"చెప్పప్పా."

"టెస్టర్ వెలుగుతాండాది."

స్తంభం దగ్గరికి పోయి హ్యాండిల్ దించమన్నాను. దించి వచ్చి మళ్లీ పెట్టి చూడమన్నాను. ఇప్పుడు వెలగలేదన్నాడు. మూడు తీగలకూ విడివిడిగా పెట్టించాను. మూత బిగించి దూరంగా రమ్మన్నాను. సాయంత్రంలోగా నేను వచ్చి బోర్డు మారుస్తానని చెప్పాను. అన్నిటికీ ఊకొట్టాడు. మూత మరలు బిగించిన చప్పుడయ్యాక మళ్లీ అందుకున్నాడు.

"మొన్న బేస్తవారం చీమలు దులిపినా అన్నా ఇందులో. వట్టి చేత్తోనే. లైటు లేదు కదా అని. ఇన్ని దినాలూ దేన్ని నమ్మి చెయ్యి పెడ్తాంటినన్నా నేను?"

"నేను వేలితో ఒత్తి నిలబెట్టిన లైటునప్పా" అన్నాను.